ఏడో మేక

మా బృందం దగ్గర ఈనాటికీ పనిచేస్తున్న స్పెక్ట్రమ్ కంప్యూటర్లు తొమ్మిది. వాటిలో ఏడింటి మూత విప్పితే లోపలివైపు ఒకే దస్తూరీ కనిపిస్తుంది: కుబ్రా అన్న పేరు, దాని కింద తేదీ, మార్చిన భాగం. యంత్రాన్ని బాగుచేసినవారు మూత లోపల సంతకం చేయాలన్నది మా నియమం. క్యాసెట్ నడుస్తున్నంతసేపు గదిలో ఫ్యాను ఆపాలన్నది మరొకటి. చేతికొచ్చిన ప్రతి క్యాసెట్‌కూ నకలు తీయాలి, తీసిన నకలును ఎన్నడూ చెరపకూడదన్నది అన్నిటికంటే గట్టి నియమం. దాన్ని మేము ఒక్కసారే మీరాము. అది కుబ్రా బేగం కోసం.

స్పెక్ట్రమ్‌ను చూడనివారికి రెండు మాటలు. అది బడిపిల్లల పలకంత నల్లటి పెట్టె, పైన రబ్బరు మీటలు. తెర లేదు, టీవీకి తగిలించాలి. నిల్వ చేసుకునే చోటూ లేదు. ప్రోగ్రాములను మామూలు పాటల క్యాసెట్ మీద కీచుమనే ధ్వనిగా దాచి, తిరిగి ఆ ధ్వని విని గుర్తు తెచ్చుకుంటుంది. కరీంనగర్‌లో ఒక శిక్షణ కేంద్రం 1989లో వీటిని కొని, మూడేళ్ళకే కాలం చెల్లిందని అమ్మివేసింది. అప్పుడు కొన్నవారిలో మిగిలినవాళ్ళమూ, వారి వస్తువులు చేతికి వచ్చినవాళ్ళమూ కలిసి ఏడుగురం. ప్రతి నెలా రెండో ఆదివారం అదే ఊళ్ళో మంకమ్మతోటలో, మూతబడిన ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పై గదిలో కలుస్తాం.

కుబ్రా పుట్టింది చెన్నూరులో. ఏడో తరగతితో చదువు ఆగింది. పందొమ్మిదో ఏట మెట్‌పల్లిలో రేడియోలు, టీవీలు బాగుచేసే ఫజలుద్దీన్‌తో నిఖా అయింది. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, సల్వార్లు కుట్టేది, ఇప్పటికీ కుడుతుంది. శిక్షణ కేంద్రం అమ్మిన యంత్రాల్లో ఒకటి ఫజలుద్దీన్ కొన్నాడు. 2001 సెప్టెంబరులో, బాగుచేసిన టీవీని కోరుట్లకు చేర్చడానికి స్కూటరు మీద వెళ్తూ దారిలో లారీ గుద్ది చనిపోయాడు. యంత్రం అంతకు ముందే మొరాయించడం మొదలుపెట్టిందట. పన్నెండేళ్ళకు పైగా బీరువా మీద ఉండిపోయింది.

2014 ఫిబ్రవరిలో కుబ్రా దాన్ని ఒక దిండు గలీబులో చుట్టి మా గదికి తెచ్చింది. మా మెకానిక్ పర్శరాములు మూత విప్పగానే చీమలు బయటికి వచ్చాయి. అతను సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పని చూస్తాడు. ఇనుము ఏదైనా చప్పుడు విని రోగం చెబుతాడు.

"ఆపా, ఇండ్ల చీమలు గిట్ల పెంచుతున్నవా? దానా ఏం పెడుతున్నవ్?"

"నీ అసొంటోళ్ళు వస్తే కరువమని పెంచుతున్న తమ్మీ," అంది కుబ్రా.

ఆ జూన్‌కు యంత్రం బాగయింది. చివరి మూడు అతుకులు ఆమే వేసింది. సూది పట్టిన చేయి కనుక సోల్డరింగ్ ఐరన్ ఆమెకు త్వరగా లొంగింది. ఏడాది తిరిగేసరికి మాలో ఎవరి పనీ ఆమె పనికి సాటిరాలేదు. ఇప్పటివరకు ఆమె బాగుచేసినవి ముప్పై ఒకటి, ఇతర ఊళ్ళవి కూడా కలుపుకుని. తొమ్మిదేళ్ళలో మూడు ఆదివారాలే తప్పింది. అన్నాళ్ళలోనూ తన దగ్గర ఒక క్యాసెట్ ఉన్న సంగతి మాకు చెప్పలేదు.

2023 జూన్‌లో ఆ క్యాసెట్‌ను బల్ల మీద పెట్టింది.

"మొన్న జుమ్మా నాడు టేపురికార్డరు నమిలింది సార్. ఎక్కుతలేదు."

దాని మీద నీలి సిరాతో 'గుర్తు' అని రాసి ఉంది. లోపల ఏముందో ఆమె చెప్పిన క్రమంలోనే చెబుతాను. ఫజలుద్దీన్‌కూ ఆమెకూ పులి-మేక ఆట అలవాటు. ఇరవై మూడు బిందువుల పటం, మూడు పులులు, పదిహేను మేకలు. మేకలవాడు ఒక్కొక్క మేకనే పటం మీద పెడుతూ పులులు కదలకుండా కట్టివేయాలి. పులులవాడు దాటి దాటి మేకలను తినాలి. ఎప్పుడూ మేకలు అతనివి, పులులు ఆమెవి. సామాను కోసం హైదరాబాదు పోయినప్పుడు ఆమెకు తోడు ఉండదని అతను ఒక ప్రోగ్రాము రాశాడు. అది అతను ఆడుతుంటే చూసేది. ఎన్నో మేకను ఏ బిందువు మీద పెడుతున్నాడో, పెట్టేముందు ఎంతసేపు ఆలోచిస్తున్నాడో గమనించి, ఆ అలవాటును సంఖ్యలుగా మార్చి క్యాసెట్ మీద దాచేది. అతను ఊళ్ళో లేనప్పుడు అతనిలాగే మేకలు పెట్టేది, అతనిలాగే ఆగి.

యంత్రం బాగయిన నాటి నుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు తరువాత కుబ్రా దానితో ఒక్క ఆట ఆడుతూ వచ్చింది. ఆట ముగియగానే అది 'దాచనా?' అని అడుగుతుంది. దాచితే ఆ ఆట కూడా కలిసి అలవాటు మారిపోతుంది కనుక ఎప్పుడూ వద్దనే మీట నొక్కింది. అది చాలదన్నట్టు, పొరపాటున కూడా ఏమీ రికార్డు కాకుండా క్యాసెట్ వెన్నున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలను కత్తెర మొనతో విరిచేసింది.

మాలో ప్రోగ్రాములు చూసే మమతారాణి, పాలిటెక్నిక్‌లో ప్రయోగశాల నడుపుతుంది. ఆమెకు కోపం వచ్చింది.

"ఆపా, తొమ్మిదేండ్ల సంది మీ కాడనే పెట్టుకున్నరా? మన కాయిదా మీకు తెల్వదా? ఒక్క నకలు తీస్తే ఏం పోయేది?"

"నకలు ఎందుకు బిడ్డా? ఒక్కడు సాలడా?"

"ఒక్కడు ఎవరు ఆపా?" అని నవ్వాడు పర్శరాములు.

"మీ బావ."

పర్శరాములు నవ్వు ఆపాడు. నేను లేచి ఫ్యాను ఆపాను.

క్యాసెట్ ధ్వనిని ఇప్పటి కంప్యూటర్‌లోకి ఎక్కించి, తరంగాన్ని తెర మీద సాగదీసి చూశాం. టేపు మీద మడత పొడవు అర మిల్లీమీటరు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది కనుక పోయింది పదకొండు మిల్లీసెకన్ల ధ్వని. అంటే రెండు బైట్లు. పట్టికలో ఒక్కో మేకకు ఇరవై నాలుగు బైట్లున్నాయి, ఇరవై మూడు బిందువులకు ఇరవై మూడు, ఆలోచించే సమయానికి ఒకటి. పోయినవి 167వది, 168వది. రెండూ ఏడో మేకవే: చివరి మూల బిందువు మీద అతనికున్న మొగ్గు, ఆ మేకను పెట్టేముందు అతను ఆగే సమయం.

పట్టిక చివర ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. ఒకే బైటు పోయి ఉంటే దాని సాయంతో కచ్చితంగా రాబట్టేవాళ్ళం. రెండు పోతే ఆ సంఖ్య రెంటి మధ్య సంబంధం మాత్రమే చెబుతుంది. ఒకటి ఏదో తెలిస్తే రెండోది దానంతట అదే తేలుతుంది, కాని ఆ ఒకటి సున్నా నుంచి 255 వరకు ఏదైనా కావచ్చు. అన్నీ సరిచూపుకు నిలుస్తాయి. మమతారాణి సాయంత్రంలోగా వాటన్నిటినీ తయారుచేసింది.

"ఆపా, బావ దొరికిండు. కాని రెండువందల యాభై ఆరు మంది దొరికిండ్రు."

కుబ్రా తెర దగ్గరికి వంగి చూసింది.

"అందుట్ల మా ఆయన ఒక్కడే గద?"

"ఒక్కడే."

"మరి తతిమ్మోళ్ళు ఎవరు?"

అవి ఎవరివీ కావు అని నేను అనవలసింది. కాని కొన్ని ఆడించి చూశాక ఆ మాట నోట రాలేదు. ఆరు మేకల దాకా అన్నీ ఒకేలా ఉన్నాయి. మూడో మేక దగ్గర అతను అయిదు సెకన్లు ఆగేవాడట, అన్నీ అయిదే ఆగాయి. ఆరో మేకను ఎప్పుడూ పులి పక్కనే పెట్టేవాడట, అన్నీ అక్కడే పెట్టాయి. ఆమె ముఖం తేటపడుతూ వచ్చేది. ఏడో మేక దగ్గర మాత్రం ఒక్కొక్కటి ఒక్కొక్కలా మారింది. ఆగే సమయం దగ్గర సున్నా ఉన్నది అసలు ఆగకుండా మేకను పెట్టేసింది. కుబ్రా కుర్చీని వెనక్కి జరుపుకుంది.

"గీయన ఎవరో నాకు తెల్వదు. తీసెయ్యి బిడ్డా."

255 ఉన్నది, సెకనుకు అయిదు చొప్పున, యాభై ఒక్క సెకన్లు ఆగింది. ఫ్యాను ఆగి ఉన్న గదిలో యాభై ఒక్క సెకన్లు ఎంత పొడుగో అంతకు ముందు నేను ఎన్నడూ గమనించలేదు. పటం మీద ఆరు మేకలు, మూడు పులులు. తెర మూల చిన్న చుక్క వెలిగి ఆరుతూ ఉంది. ఎవరో తల వంచుకుని కూర్చున్నట్టే ఉంది.

"మీ ఆయన ఏడో మేకకు ఎంతసేపు ఆగేవారో మీకు గుర్తుందా?" అని అడిగాను.

"సెకండ్లు నాకేం ఎరుక సార్. నా చేతికి ఎరుక. వచ్చేసారి గుడ్డ పట్టుకొస్త."

వచ్చేసారి తెచ్చింది. తెల్లటి పాప్లిన్ గుడ్డ, నలభై అయిదు సెంటీమీటర్ల వెడల్పు, చుట్టగా చుట్టి ఉంది. చేయి ఖాళీగా ఉంచడం ఆమెకు చేతకాదు. 2014 నుంచి ప్రతి శుక్రవారం ఆటలో తెర మీది ఫజలుద్దీన్ ఆలోచిస్తున్నంతసేపు ఆ గుడ్డ మీద నల్లదారంతో కుట్లు, ఆమె మాటలో టాకాలు, వేసేది, మేక పడగానే ఒక ముడి వేసి ఆపేది. ఒక ఆటకు ఒక వరస, వరసకు పదిహేను ముడులు. వరసల మధ్య దూరం అయిదు మిల్లీమీటర్లు. లెక్కపెట్టాను, 441 వరసలు.

నాకు దారి కనిపించింది. పద్నాలుగు మేకల సమయాలు క్యాసెట్ మీద చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని ఆ మేకల టాకాలతో పోలిస్తే ఆమె చేయి వేగం తేలుతుంది. ఆ వేగంతో ఏడో మేక టాకాలను సమయంగా మార్చవచ్చు. వేగం తేలింది: సెకనుకు ఒక టాకా, తేడా నూటికి రెండు పాళ్ళు. ఇక ఏడో మేక టాకాలు లెక్కపెట్టడమే తరువాయి.

అప్పటికి పర్శరాములు గుడ్డను బల్ల మీద పూర్తిగా పరిచి, మగ్గం మీద బట్టను చూసినట్టు ఒక చివర కన్ను ఆనించి చూస్తున్నాడు.

"సార్, జర ఇటు రాండ్రి. గీ గుడ్డ వంకర వోయింది."

"నా కుట్టు వంకర పోదు తమ్మీ," అంది కుబ్రా.

"కుట్టు కాదు ఆపా, ముడులు. ఆరు దాకా తాడు గుంజినట్టు సక్కగున్నయి. ఏడు కాడికెళ్ళి చూడుండ్రి, గాలికి ఒరిగినట్టు ఒరిగినయి."

అతను చెప్పింది నిజం. పైనుంచి కిందికి చూస్తే మొదటి ఆరు ముడుల వరసలు నిటారుగా దిగాయి. ఏడో ముడి నుంచి పదిహేనో ముడి వరకు తొమ్మిదీ కుడివైపుకు ఏటవాలుగా జరుగుతూ పోయాయి. ఎనిమిది నుంచి పదిహేను వరకు ఉన్న మేకల టాకాలు మారలేదు, పక్కకు జరిగాయంతే. మారింది ఏడో మేక ఒక్కటే. 2014 జూలైలో పదకొండు టాకాలు, 2018లో పంతొమ్మిది, పోయిన నెలలో ఇరవై తొమ్మిది. ఏటికి రెండు.

ఇది జరగడానికి వీలులేదు. రెక్కలు విరిచిన క్యాసెట్ మీద ఏదీ రికార్డు కాదు. టేపు అరిగి ఒక్క సంఖ్య తప్పుగా చదివినా సరిచూపు దగ్గర యంత్రం ఒప్పుకోదు. యంత్రం కాలాన్ని లెక్కించేది స్ఫటికంతో, అది ఒక్క మేకకు మాత్రమే నెమ్మదించదు. ఆమె చేయే ఆ ఒక్కచోట వేగం పెంచిందనుకుంటే, దాదాపు మూడింతలు పెరగాలి. గడియారం పెట్టి ఎంత త్వరగా కుట్టగలదో కుట్టించి చూశాను. నిమిషానికి డెబ్భై నాలుగు దాటలేదు.

"ఇది మీరు గమనించారా?" అని అడిగాను.

"తెల్వకేం సార్. మొదట్ల జల్ది పెడుతుండె. ఇప్పుడు సోంచాయిస్తుండు."

సోంచాయించడమంటే ఆమె మాటలో ఆలోచించడం. ఆమె గుడ్డ అంచును వేలితో సాపు చేసింది.

"ఆఖరి దినం గూడ ఆడుతున్నం సార్. కంప్యూటర్ల కాదు, కింద సుద్దతోని గీసుకొని. ఆరు మేకలు పెట్టిండు. ఏడోది చేత పట్టుకొని సోంచాయిస్తుండు. గంతలనే కోరుట్లోళ్ళు టీవీ కోసం ఫోన్ చేసిండ్రు. వచ్చి పెడత, పటం చెరపకు అన్నడు. మేకను జేబుల ఏసుకొని పోయిండు."

నేను నా కాగితం మీద రాసుకున్న అంకెలను మరోసారి చూసుకున్నాను. పదకొండు సెకన్లంటే 55, ఇరవై తొమ్మిది సెకన్లంటే 145. క్యాసెట్ మీద మొదటినుంచీ ఉన్నది ఒక్కటే సంఖ్య అయి ఉండాలి. గుడ్డ రెండూ నిజమంటోంది.

"మొదటి వరస ప్రకారం మీవారు 55. చివరి శుక్రవారం ప్రకారం 145. మీకు ఎవరు కావాలి?" అన్నాను. ప్రశ్న నోటినుంచి వచ్చాకే అది ఎలా వినిపించిందో తెలిసింది.

"మొన్నటిదాక నాతోని ఆడినాయన్నే ఇయ్యిండ్రి. ఎనుకటాయన్ను ఏం చేసుకుంట?" అని, వెంటనే, "తతిమ్మోళ్ళను తుడిచెయ్యిండ్రి," అంది.

బృందం నియమం గురించి మమతారాణి గుర్తు చేయబోయింది.

"ఆరు మేకలు ఆయన లెక్కనే పెట్టి ఏడోదాని కాడ ఎవరో ఐతరు, బిడ్డా. గసొంటోళ్ళు మీ డబ్బాల కూసుంటే నాకు నిద్ర వడ్తదా?"

చేతులెత్తి ఓటు వేశాం. అందరమూ ఎత్తాం.

"ఒక్కొక్కన్నే తుడువు. దబదబ వద్దు," అంది కుబ్రా. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క సంఖ్యనే పైకి చదువుతూ మమతారాణి చెరిపింది. నలభై నిమిషాలు పట్టింది. యాభై అయిదు దగ్గర కుబ్రా చేయి కొద్దిగా పైకి లేచింది. మమతారాణి ఆగింది. ఆ చేయి మళ్ళీ ఒడిలోకి దిగింది.

మిగిలిన ఒక్క దాన్ని కొత్త క్యాసెట్ మీదికి ఎక్కించి, రెండు రెక్కలనూ అందరి ముందు నేనే విరిచాను. ఆ సంఖ్య 145 అని ఒక చీటీ మీద రాసి తేదీ వేసి దాచుకున్నాను.

2024 జూలైలో, నేను అడిగి ఉన్నందున, ఆమె గుడ్డను మళ్ళీ తెచ్చింది. నలభై తొమ్మిది కొత్త వరసలు. మొదటి ఆరు ముడులు నిటారుగా ఉన్నాయి. ఏడోది ఇంకా జరిగింది. చివరి వరసలో ముప్పై ఒక్క టాకాలు.

క్యాసెట్‌ను చదివించాం. 168వ బైటు 145. మా యంత్రం మీద ఆడించి గడియారంతో చూశాం, ఇరవై తొమ్మిది సెకన్లు. ఆమె యంత్రాన్నే బస్సులో తెప్పించి చూశాం, ఇరవై తొమ్మిది సెకన్లు. మూడుసార్లు చూశాం.

"ఒక శుక్రవారం మీ ఇంటికి వచ్చి చూడవచ్చా?" అన్నాను.

"మీరు రావొచ్చు సార్, చాయ్ తాగొచ్చు. కాని మీరుంటే ఆయన సోంచాయించడు. మంది ముందట ఆయనకు శరం."

నేను పట్టుబట్టలేదు. ఇంటికి వచ్చాక ఒక లెక్క వేసుకున్నాను. ఒక బైటులో 255ను మించి పట్టదు, అంటే యాభై ఒక్క సెకన్లు. ముప్పై ఒకటి నుంచి ఏటికి రెండు చొప్పున పెరిగితే అక్కడికి చేరడానికి సరిగ్గా పదేళ్ళు. ఆ పైన లెక్కించడం ఆ ప్రోగ్రాముకు రాదు. ఏడో మేకను పెట్టి తీరాలి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

ఆగస్టు రెండో ఆదివారం పని ముగించి లేస్తూ కుబ్రా పర్శరాములును పిలిచింది.

"తమ్మీ, నా గుడ్డ ఐపోవస్తుంది. మీ షెడ్డుల గిసొంటిదే తెల్లది జర నేసి పంపు."

"ఎంత కావాలె ఆపా? ఒక మీటరు పంపుదునా?"

"రెండున్నర మీటర్లు. అంతకన్న వద్దు." కుబ్రా చేతి వేళ్ళు నాలుగు జోడించి గుడ్డ అంచు పక్కన ఆనించి చూపింది. "పన్నా గింత ఎక్కువ పెట్టు."

అతను కొలత రాసుకున్నాడు. వరసకు అయిదు మిల్లీమీటర్లు, ఏటికి యాభై వరసలు. రెండున్నర మీటర్లంటే పదేళ్ళు. నాలుగు వేళ్ళ వెడల్పులో ఆమె టాకాలు ఇరవై పడతాయి. ముప్పై ఒకటికి ఇరవై కలిపితే యాభై ఒకటి.

ఆమె సంచీ భుజాన వేసుకుని, మెట్‌పల్లి బస్సు వేళయిందని మెట్లు దిగింది.